గంట కొట్టే ముందు కిటికీలు తెరవండి: మహమ్మారి రోజుల్లో సరిహద్దు ఊరి బడిని మళ్లీ తెరవడం ఎలా

కోవిడ్‌కి మూసిన బళ్లని 2021 ఆగస్టు 16న ఆంధ్రాలోని పాతపట్నం వైపు అన్నీ తెరిచారు. సరిహద్దుకి ఇవతల, ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు, పదో తరగతి పిల్లలు జూలై 26 నుంచే వెళ్తున్నారు. తొమ్మిదో తరగతికి కూడా ఆ ఆగస్టు 16నే పిలుపొచ్చింది. ఒకటో తరగతి గుంటలకి మాత్రం 2022 ఫిబ్రవరి దాకా బడి మొహం చూసే యోగం లేకపోయింది. సైకిల్ మీద వెళ్లొచ్చే దూరం. అక్కడ మేనత్త పిల్లలు పుస్తకాల సంచీ వేసుకుని బడికెళ్తుంటే ఇక్కడ మేనమామ పిల్లలు గేదెల వెనకాల తిరిగారు. వైరస్‌కి సరిహద్దు లేదు, సర్క్యులర్‌కి మాత్రం ఉంది.

ఆ రోజుల్లో నేను మా ఊరి బడి యాజమాన్య కమిటీలో ఉన్నాను. అప్పుడు మేం చేసిన తప్పులు, తరవాత దిద్దుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఉండే తెలుగువాళ్లు మనసులో ఉన్నా, గాలి ద్వారా అంటుకునే జబ్బు ఏది వచ్చినా ఈ పద్ధతి పనికొస్తుంది. కోవిడ్ అంకెలు అక్కడక్కడ వాడుకున్నాను, ఎందుకంటే మన చేతిలో ఉన్న అనుభవం అదే.

ముందుగా: తెరవాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలి?

తేదీ రాష్ట్రం చెప్తుంది. ఎలా తెరవాలన్నది చాలావరకు బడి చేతుల్లోనే ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లుండాలి. కాగితం మీద ఉంటారు కూడా. మీటింగ్‌కి పిలవరు, అంతే. కాబట్టి మొదటి పని కమిటీని నిజంగా కూర్చోబెట్టడం, అదీ చెట్టు కిందో వరండాలోనో. మూసిన గదిలో కూర్చుని గాలి గురించి మాట్లాడుకుంటే అర్థం లేదు.

మా మీటింగ్‌లో ఒకావిడ లేచి అడిగింది: "ఏటి మేస్టారూ, మా గుంటడికి ఏటైనా అయితే ఎవుడు చూస్తాడు?" కమిటీ తేల్చాల్సిన ప్రశ్న అదే. జవాబు చెప్పకుండా దాటేస్తే ఆవిడ పిల్లాణ్ణి పంపదు, పంపకపోతే ఆవిడది తప్పూ కాదు.

అయితే రెండో వైపు బరువు కూడా ఆవిడకి చెప్పాలి. పిల్లల చదువు ఎలా ఉందో కొలిచే అసర్ సర్వే 2022లో దేశం మొత్తమ్మీద పల్లెల్లో చూసింది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం ఉంటే, 2022 నాటికి 20.5 శాతానికి పడిపోయారు. మన పిల్లలకి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. రెండేళ్లు బడి లేకపోతే ఆ రెండో అక్షరాలు చేతిలోంచి జారిపోతాయి. ఫోన్‌లో పాఠాలంటారా, కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం పిల్లలు ఎక్కడెక్కడ ఎక్కారో మనకి తెలుసు.

రెండు రాష్ట్రాల రూల్సు ఒకే కాగితం మీద రాయండి

సరిహద్దు బడికి మిగతా బళ్లకి లేని తలనొప్పి ఇది. పిల్లలు ఇటువాళ్లు, ఒక మేస్టారు అటునుంచి వస్తారు, ఆటో అటుదే, సంత ఇటుది. కాబట్టి ఒక తెల్ల కాగితం తీసుకుని అటునుంచి ఇటు రోజూ దాటే ప్రతి మనిషినీ రాయండి. పిల్లలు, మేస్టర్లు, వంటక్క, ఆటో అబ్బాయి. పక్కన వాళ్ల ఊరు, వాళ్ల ఊళ్లో కేసులున్నాయా లేదా అన్నది వారానికోసారి రాయండి. జిల్లా అంకె మన జిల్లాది మాత్రమే చెప్తుంది, పక్క రాష్ట్రపు ఊరు దాన్లో కనపడదు. పక్క ఊళ్లో సంగతి అక్కడి ఆశా కార్యకర్తకి ఫోన్ చేస్తే తెలుస్తుంది, పోర్టల్ చూస్తే తెలియదు.

చెక్‌పోస్టు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అటునుంచి వచ్చే మేస్టారు చిక్కుకుపోతే ఆ తరగతి ఎవరు చూస్తారో ముందే రాసి పెట్టండి.

మూసిన బడిని ముందు మామూలు ప్రమాదాల నుంచి కాపాడండి

అందరూ వైరస్ గురించి మాట్లాడుతుంటే మా బళ్లో మొదట కనపడింది కట్లపాము. ఏడాదిన్నర మూసిన గది అది, మరి. పిల్లల్ని పిలిచే వారం ముందు ఇవి చూడండి.

గదుల్లో, వంటగదిలో, కట్టెల కుప్ప కింద పాములు, తేళ్లు. పగటిపూట, ఇద్దరు ముగ్గురు కలిసి, బూట్లు వేసుకుని, పొడవాటి కర్రతో. పైకప్పు రేకులు, పెంకులు కదిలి ఉన్నాయేమో. వైర్లు ఎలకలు కొరికాయేమో, స్విచ్ వేసే ముందు లైన్‌మన్‌కి చూపించండి. బోరింగు నీళ్లు రంగు పోయి తేటపడేదాకా కొట్టి పారబోయండి, ట్యాంకు కడిగి క్లోరిన్ వెయ్యండి. నిల్వ నీళ్లున్న చోటల్లా ఒంపెయ్యండి. మనది మలేరియా నేల, దీని సంగతి కింద మళ్లీ వస్తుంది. పాత బియ్యం పురుగు పట్టి ఉంటాయి, వాటిని "బాగు చేసి" వండొద్దు.

నేలకి, మరుగుదొడ్లకి బ్లీచింగ్ చాలు. 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు లీటరు నీళ్లలో కలిపితే సుమారు 1 శాతం ద్రావణం వస్తుంది. మరుగుదొడ్డి యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఇంకో మాట: పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టి మందు చల్లే వింతని మానండి. మనుషుల మీద ఇలా చల్లొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. కళ్లు మండటం తప్ప ఒరిగేదేమీ లేదు.

అసలు పని: గాలి

ఓపిక ఉన్నంతా ఇక్కడ ఖర్చు పెట్టండి.

మేం మొదట్లో డబ్బంతా శానిటైజరుకి, తుపాకీలాంటి థర్మామీటరుకి తగలేశాం. బల్లలు రోజూ తుడిపించాం. కిటికీల వైపు ఎవరూ చూడలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి కొండల్ని ఊడ్చేసినప్పుడు మా బడి కిటికీల తలుపులు ఎగిరిపోయాయి. అప్పుడు చెక్కలు పెట్టి మేకులు కొట్టేశారు, వాటిని ఆ తరవాత ఎవరూ ఊడదీయలేదు. అలాంటి గదిలో గోడలు తుడుస్తూ కూర్చున్నాం.

కోవిడ్‌లాంటి జబ్బు ఎక్కువగా ఊపిరితో వస్తుంది. మాట్లాడినప్పుడు, పాడినప్పుడు, అరిచినప్పుడు సన్నటి తుంపరలు గాల్లో కలిసి, మూసిన గదిలో పొగలాగా పేరుకుంటాయి. బీడీ పొగ అనుకోండి. ఒకడు తాగితే గది చివరున్నవాడికీ వాసనొస్తుంది, ఆరడుగుల దూరంలో కూర్చున్నా వస్తుంది. కిటికీలు తెరిస్తే పోతుంది. చేయాల్సింది ఇలా:

ఎదురెదురు గోడల్లో కనీసం ఒక్కొక్క కిటికీ తెరిచి ఉండాలి. ఒకే గోడకి నాలుగు కిటికీలున్నా గాలి అంత బాగా ఆడదు. మేకులు కొట్టినవి ఊడదీయించండి. కోతుల బెడదుంటే తలుపు బదులు ఇనుప జాలీ వేయించండి, చెక్క వెయ్యొద్దు. ఎదురు గోడకి కిటికీ లేకపోతే పైన రెండు మూడు ఇటుకలు తీసి జాలీ పెట్టడం ఒక పూట మేస్త్రీ పని. పంచాయతీ దగ్గర మరమ్మతుల డబ్బు అడగడానికి దీనికి మించిన కారణం లేదు.

సీలింగ్ ఫ్యాను గాలిని తీసుకురాదు. కిటికీలు మూసి ఫ్యాను వేస్తే అది ఆ గదిలో గాలినే మజ్జిగలా చిలుకుతుంది. స్టాండు ఫ్యాను ఉంటే ఒక కిటికీ దగ్గర మొహం బయటికి తిప్పి పెట్టండి. అది లోపలి గాలిని తోసేస్తుంటే ఎదుటి కిటికీలోంచి కొత్త గాలి వస్తుంది.

సరిపోతోందా అని చూడ్డానికి ఒక చవక పరీక్ష ఉంది. గది మధ్యలో అగరొత్తి వెలిగించండి. పొగ ఎటు పోతోంది, ఎక్కడ తిరుగుతోంది, ఏ మూల నిలబడుతోంది అని చూడండి. పొగ నిలిచిన మూలన పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. కొంచెం డబ్బుంటే చుట్టుపక్కల నాలుగైదు బళ్లు కలిసి, మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మీటరు ఒకటి కొనండి. ఆరుబయట గాలిలో అది సుమారు 420 పీపీఎం చూపిస్తుంది. పిల్లలందరూ కూర్చున్నాక గదిలో 800 లోపుంటే బాగుంది. 1500 దాటితే పాఠం ఆపి పది నిమిషాలు అందర్నీ బయటికి పంపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్కో మనిషికి సెకనుకి 10 లీటర్ల కొత్త గాలి ఉండాలంది. ఆ లెక్క కొలవడానికి మన దగ్గర పరికరం ఉండదు గానీ, మీటరులో అంకె తగ్గుతోందంటే గాలి మారుతోందన్న మాటే.

చలికాలం ఉదయం కొండ ఊళ్లలో పిల్లలు వణుకుతారు, మేస్టారు కిటికీ మూసేస్తారు. కాబట్టి చలి రోజుల్లో మొదటి రెండు పీరియడ్లు ఎండలో పెట్టండి. వానాకాలంలో వరండా వాడండి. ప్రార్థన, పద్యాలు, ముఖ్యంగా ఎక్కాలు గదిలో చదివించొద్దు. నలభై మంది ఒక్క గొంతుతో "రెండ్రెళ్లు నాలుగు" అని అరవడం కంటే వైరస్‌కి పెళ్లి భోజనం లేదు. ఎక్కాలకి వేపచెట్టు ఉంది.

ఇంకో గది ఎవరికీ గుర్తురాదు: స్టాఫ్ రూము. పిల్లల్ని ఆరడుగుల దూరం కూర్చోబెట్టిన మేస్టర్లు నలుగురూ మధ్యాహ్నం అక్కడ మాస్కులు తీసి, ఒక బల్ల చుట్టూ క్యారేజీలు విప్పుకుంటారు. చక్కెర జబ్బున్న పెద్ద మేస్టారు కూడా అక్కడే. ఆ బల్ల వరండాలోకి మార్పించండి.

ఎంతమంది పడతారు?

24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గది తీసుకోండి. ముందు ఆరడుగులు మేస్టారికి వదిలితే 18 బై 18 మిగిలింది. పిల్లాడికి ఆరడుగుల చదరం ఇస్తే పట్టేది తొమ్మిది మంది. మూడడుగుల చదరం ఇస్తే ముప్ఫై ఆరు మంది. మన ప్రభుత్వ నిబంధనలు ఆరడుగులు అన్నాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 మార్చిలో మాస్కులుంటే తరగతి గదిలో మూడడుగులు చాలంది. తొమ్మిదికి, ముప్ఫై ఆరుకి ఉన్న తేడా బడి నడవడానికి, నడవకపోవడానికి ఉన్న తేడా. నా ఉద్దేశం చెప్తాను: జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు రూలు ఎంతంటే అంత పాటించండి. తగ్గాక, గాలి బాగా ఆడే గదిలో దూరం గురించి మరీ పట్టుబట్టొద్దు. దూరం పేరు చెప్పి పిల్లల్ని వారానికి రెండు రోజులే రమ్మంటే నష్టం మనకే.

బ్యాచులు చెయ్యాల్సి వస్తే హాజరు పట్టీలో సరి సంఖ్య, బేసి సంఖ్య అని విడగొట్టొద్దు. వీధుల వారీగా విడగొట్టండి. ఒకే వీధి పిల్లలు సాయంత్రం ఎలాగూ కలిసి గోలీలు ఆడతారు. వాళ్లని వేరు బ్యాచుల్లో పెడితే రెండు బ్యాచులకీ జబ్బు మనమే మోసినట్టు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే రోజు రావాలి.

మాస్కు, చేతులు

ఐదేళ్లు, అంతకు లోపు పిల్లలకి మాస్కు వద్దు. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లు సరిగా పెట్టుకోగలిగితే పెట్టాలి, పన్నెండు దాటితే పెద్దవాళ్లలాగే. ఆటలప్పుడు తీసెయ్యాలి. తడిసిన మాస్కు పనికిరాదు కాబట్టి సంచీలో ఇంకోటి ఉండాలి. చేతులకి సబ్బు, నీళ్లు చాలు. శానిటైజరు మండుతుంది, వంటగది దరిదాపుల్లో పెట్టొద్దు. సబ్బు మాయమవుతుంటే పాత నెట్ గుడ్డలో కట్టి కుళాయికి వేలాడదీయండి.

ఆటో

ఎనిమిది మంది ఎక్కాల్సిన దాన్లో పదిహేను మంది, వాన పడితే చుట్టూ పరదాలు. బళ్లో మనం చేసిందంతా ఆ ఇరవై నిమిషాల్లో కొట్టుకుపోతుంది. ఆటో అబ్బాయితో కమిటీ కూర్చుని మాట్లాడాలి. రెండు ట్రిప్పులు వెయ్యమంటే డీజిలు ఖర్చు అతను భరించలేడు. తల్లిదండ్రులు తలా కాస్త వేసుకోవాలి, లేదా దగ్గరి పిల్లలు నడిచి రావాలి. పరదాలు ఒక పక్కన్నా ఎత్తి ఉంచడం, పిల్లలతో పాటలు పాడించకపోవడం, అతను మాస్కు వేసుకోవడం: ఇవైనా ఒప్పించండి.

మధ్యాహ్న భోజనం

భోజనం ఆపొద్దు. చాలామంది పిల్లలు బడికొచ్చేది అందుకే, అందులో దాచేదేమీ లేదు. మాస్కు తీసే సమయం అది కాబట్టి ఆరుబయట, వరుసలు ఒకే వైపు మొహం పెట్టి, బ్యాచు తరవాత బ్యాచు. ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు. వడ్డించేది ఒక్కరే. వంటక్కకి జ్వరమొస్తే ఆ రోజు వంట ఎవరు చేస్తారో పేరు రాసి ఉండాలి, లేకపోతే ఆవిడ జ్వరంతోనే వస్తుంది. రోజు కూలి పోతుందని భయం. ఆ రోజు డబ్బు కట్ చెయ్యబోమని కమిటీ ముందే మాటివ్వాలి.

జ్వరం వచ్చిన పిల్లాడు

గేటు దగ్గర థర్మామీటరు వల్ల ఉపయోగం కొంతే. చాలామంది పిల్లలకి జ్వరమే రాదు, వచ్చేవాళ్లకి కూడా రెండు రోజుల ముందు నుంచే అంటించే అవకాశం ఉంటుంది. అందుకని అసలు వడపోత ఇంటి దగ్గర జరగాలి: జ్వరం, దగ్గు, వాంతులు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పంపొద్దు.

బళ్లో ఉండగా జ్వరమొస్తే ఒక్కణ్ణే గదిలో పెట్టి తలుపు వెయ్యొద్దు. వరండా చివర కుర్చీ, పక్కన తెలిసిన మేస్టారు, ఇంటికి ఫోను.

ఇక్కడ మన జిల్లాల మాట ఒకటి గట్టిగా చెప్పాలి. రాయగడ, కొరాపుట్, గజపతిలో జ్వరం అంటే కోవిడ్ అనే అనుకోకూడదు. ఆశా దీదీ దగ్గర వేలి రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాల్లో చూసే మలేరియా కిట్టు ఉంటుంది. ముందు అది చేయించండి. ఫాల్సిపారం రకం మలేరియాకి వైద్యం ఆలస్యమైతే మెదడుకెక్కుతుంది. కోవిడ్ అనుకుని ఇంట్లో పడుకోబెట్టి మలేరియాని వదిలెయ్యడం, కోవిడ్‌ని మించిన తప్పు. కోవిడ్ యాంటిజెన్ పరీక్షలో నెగటివ్ వచ్చి లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్ చేయించాలి.

ఆక్సీమీటరులో 94 కంటే తక్కువ చూపించినా, ఊపిరి ఎగబీల్చినా, పక్కటెముకల దగ్గర లోపలికి గుంటలు పడినా, మగతగా ఉన్నా, నీళ్లు కూడా తాగకపోయినా వెంటనే ఆసుపత్రి. కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ గట్టి జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, ఎర్రకళ్లు, కడుపునొప్పి వస్తే "వేడి చేసింది" అనుకోవద్దు. అరుదుగానైనా పిల్లల్లో అది ప్రమాదకరం. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలాంటి పెద్దాసుపత్రి చూడాలి. 108కి ఫోన్ చేస్తే ముందు రాష్ట్రం పేరు, జిల్లా పేరు చెప్పండి. సరిహద్దులో మన సెల్లు ఏ టవరుకి తగిలిందో మనకి తెలియదు.

ఒక కేసు తేలితే

ఒక పిల్లాడికి వస్తే బడంతా మూసేసి వారం దాచేస్తే, మర్నాడు తల్లులందరూ పుకార్ల వెంట పరిగెడతారు. ముందే రాసుకోండి: ఒక కేసైతే ఆ బ్యాచు ఇంటి దగ్గర ఉంటుంది, బ్యాచులో మరికొన్ని తేలితే ఆ తరగతి, రెండు మూడు తరగతుల్లో ఒకేసారి వస్తే బడి. ఎన్ని రోజులన్నది అప్పటి ప్రభుత్వ నిబంధన చూసి. కోవిడ్‌లో అంతకు ముందు పది రోజులున్న ఐసొలేషన్ 2022 జనవరిలో ఏడుకి తగ్గింది కాబట్టి గోడమీద పాత అంకె రాసి ఉంచొద్దు.

పిల్లాడి పేరు బయటపెట్టొద్దు. 2020 మేలో సూరత్ నుంచి గంజాం తిరిగొచ్చిన కూలీల ఇళ్లని ఎలా చూశారో గుర్తుందిగా. ఆ చూపు పిల్లల మీద పడితే, మరోసారి జ్వరమొచ్చినా ఏ తల్లీ చెప్పదు. చెప్పకపోతే మన ఏర్పాట్లన్నీ గాలికే.

హాస్టలు పిల్లల సంగతి వేరే. ఆశ్రమ పాఠశాలల్లో రాత్రంతా ఒకే గదిలో పడుకుంటారు. అక్కడ తల వైపు, కాళ్ల వైపు మార్చి పడుకోబెట్టడం, కిటికీలకి దోమతెర జాలీ వేసి తెరిచి ఉంచడం, టీకా వయసు వచ్చినవాళ్లకి అది మొదట వేయించడం ముఖ్యం. (కోవిడ్‌లో 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 2022 జనవరి 3 నుంచి, 12 దాటినవాళ్లకి ఆ మార్చి 16 నుంచి టీకా మొదలైంది.)

సమ్మతి పత్రం: రెండు వైపులా రాయండి

తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుకోలు అడగమని 2020 సెప్టెంబరు నాటి అన్‌లాక్ నిబంధనలే చెప్పాయి. చాలా బళ్లు దాన్ని "ఏమైనా జరిగితే మాకు సంబంధం లేదు" అనే కాగితంగా మార్చేశాయి. అది కూడా ఒడియాలో, కచేరీ భాషలో. పర్లాకిమిడిలో మేస్టారుగా ఉండి, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి ఊరు మనది. ఆయన సవర పిల్లలకి సవరలో పుస్తకాలు రాశారు. మనం తల్లులకి అర్థమయ్యే తెలుగులో ఒక కాగితం రాయలేమా?

ముందు వైపు ఇలా: "మా పిల్లని బడికి పంపడం నాకిష్టమే. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే పంపను, ఫోన్ చేసి చెప్తాను. పిల్లకి ముందు నుంచి ఆయాసం, ఫిట్స్, గుండెజబ్బు ఉంటే ఇక్కడ రాస్తున్నాను."

వెనక వైపు బడి సంతకం: "గది కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉంచుతాం. జ్వరమొస్తే ఒంటరిగా ఉంచం, గంటలోపు మీకు చెప్తాం. బళ్లో కేసు వస్తే ఆ రోజే చెప్తాం. ఈ కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన మా బాధ్యత పోదు." ఆ చివరి వాక్యం రాయడానికి మా కమిటీలో రెండు మీటింగులు పట్టింది.

చదవడం రానివాళ్లకి చదివి వినిపించండి. సవర, కువి లాంటి కొండజాతుల భాషలు మాట్లాడే ఇళ్లకి ఆ భాష తెలిసిన పై తరగతి పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.

తెరిచే రోజు

బడి గంటకి అరగంట ముందే కిటికీలు, తలుపులు బార్లా తెరవాలి, రాత్రంతా పేరుకున్న ముక్కిన గాలి పోవాలి. సాయంత్రం అందరూ వెళ్లాక ఇంకో అరగంట అలాగే ఉంచి మూయాలి. మా బళ్లో ఇదే ఎక్కువసార్లు తప్పింది. తాళం హెడ్మాస్టరు దగ్గర, ఆయన బస్సు వచ్చేసరికి పిల్లలు అప్పటికే గదుల్లో. ఇప్పుడు రెండో తాళంచెవి వంటక్క దగ్గర ఉంటోంది. బియ్యం కడగడానికి అందరికంటే ముందు వచ్చేది ఆవిడే.